దండ వెయ్యని ఫోటో

ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో మా ఇంటి తలుపు తీయగానే ఎదురుగోడ మీద కనిపించేది దేవుడి పటం కాదు, మా అన్నయ్య ఫోటో. రైల్వే క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంది, తర్వాత అన్నయ్య సొంతంగా కట్టుకున్న ఇంట్లోనూ అదే చోటు దానికి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో సినిమా నటుడనుకునేవారు. భుజాల దాకా జుట్టు, నుదుటి మీదికి తోసిన నల్లకళ్ళద్దాలు, కుర్చీని వెనక్కి తిప్పేసి దాని వీపు మీద మోచేతులు ఆనించి కూర్చున్న తీరు, భుజాల మీద ఊరికే వేసుకున్న నల్ల కోటు. వెనకాల పెద్ద పెద్ద చక్రాల ముద్రలున్న గుడ్డ. పండగొస్తే మా అమ్మ పటాలన్నిటికీ, కుట్టుమిషనుకి, ఆఖరికి గోడగడియారానికి కూడా ఓ బంతిపువ్వు పెట్టేది గాని, ఆ ఫోటో దరిదాపులకి పువ్వు రానిచ్చేది కాదు. పక్కింటి పిల్ల ఒకసారి తెలియక ఫ్రేము అంచున మల్లెమొగ్గ గుచ్చితే అట్లకాడ పట్టుకుని వెంటపడింది. ఈమధ్య ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు ఆ ఫోటోని నా చేతుల్తో గోడమీంచి దించాను. ఎందుకు దించాల్సి వచ్చిందో తర్వాత చెబుతాను. ముందు అది గోడ మీదికి ఎలా ఎక్కిందో చెప్పాలి. అది ఎక్కిన రోజున మా ఇంట్లో ఎవరి ప్రాణాలూ ఒంట్లో లేవు.

మా నాన్న వర్క్‌షాపు అకౌంట్సు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులో గుమాస్తా గాని ఇంట్లో స్టేషను మాస్టరే, ఆయన జెండా ఊపందే ఏదీ కదిలేది కాదు. పొద్దున్నే వరండాలో మేకుకి చిన్న అద్దం తగిలించి గడ్డం గీసుకునేవారు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు, అమ్మని ముట్టుకోనిచ్చేవారు కాదు. వర్క్‌షాపు సైరను కూసేసరికి చెప్పుల్లో కాళ్ళుండేవి. సాయంత్రం లైనులో ఉన్న ఇళ్ళన్నీ ఒకేసారి బొగ్గుల పొయ్యిలు అంటించి వరండాల్లో పెట్టేవి. ఆ పొగలో పక్కింటి బెంగాలీ వాళ్ళ ఆవనూనె, మా ఇంటి ఇంగువ పోపు, లోకోషెడ్డు నుంచి వచ్చే మడ్డినూనె వాసన కలిసిపోయేవి. ఇప్పటికీ నాకు ఇల్లు అంటే ముక్కుకి తగిలేది ఆ కలగాపులగమే. ఆదివారం మంగలి వచ్చి వరండాలో స్టూలు వేస్తే నాన్న పక్కనే నిలబడి చెప్పే మాట ఒక్కటే. "సెవులు కనపడాల." మా అన్నయ్య చెవులు బయటపెట్టడానికే నాన్న పుట్టారేమో అని నాకనిపించేది.

ఇంట్లో ఆయనకి ప్రాణమైన వస్తువు ఒకటుండేది. పెళ్ళినాటి నల్ల కోటు. ట్రంకు పెట్టె అడుగున, పాత ధోవతిలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచేవారు. ఏడాదికోసారి ఎండలో వేసి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవారు. అది తొడుక్కోగా నేను చూడలేదు. అమ్మ కూడా పెళ్ళినాడు తప్ప చూడలేదంది.

ఫోటో అంటే ఆ రోజుల్లో మాకు రెండే సందర్భాలు. రైల్వే పాసుకి, పెళ్ళికి. పూరీ గేట్ దగ్గర బిమల్‌దా అని ఒక పెద్దాయనకి స్టూడియో ఉండేది. ఆయన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల సరిచేసి, ఊపిరి బిగించమనేవాడు. వచ్చిన ఫోటోలో మనం ఉండేవాళ్ళం కాదు, ఊపిరి బిగించినవాడెవడో ఉండేవాడు. బిమల్‌దాకి చూపు మందగించడం మొదలయ్యాక, ఆదివారాలు ఆ స్టూడియోలో ఫోటోలు తీయడానికి ఒకతను వచ్చాడు. ఊరికి అవతలి కొసనున్న పెద్ద ఇంజనీరింగు కాలేజీలో చదువుకోవడానికి పశ్చిమ ఆఫ్రికా నుంచి, ఘానా అనే దేశం నుంచి వచ్చినవాడు. పేరు కోఫీ. మా అన్నయ్య స్నేహితులకి ఆ పేరు దొరికితే ఊరుకుంటారా, రెండోరోజుకే కాఫీ దాదా అయిపోయాడు. తమ దేశంలో శుక్రవారం పుట్టిన మగపిల్లవాడికి ఆ పేరు పెడతారని అతను చెప్పాడట. అన్నయ్య ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అమ్మ చేస్తున్న పని ఆపి, "సుక్కురారం పుట్టినోడా, అయితే మంచోడే" అని తేల్చేసింది.

కోఫీ వాళ్ళ నాన్నది ఫోటో స్టూడియోనే. సముద్రం ఒడ్డున ఊరు. శనివారం వస్తే అక్కడి కుర్రకారంతా కొత్త బట్టలు తొడుక్కుని వాళ్ళ గుమ్మం ముందు బారు కట్టేవారట. కొందరు మోటారుసైకిలుని స్టూడియో లోపలికే తోసుకొచ్చేవారట, కొందరు రేడియో ఒళ్ళో పెట్టుకునేవారట. కోఫీ ఆ పద్ధతే మా ఊరికి తెచ్చాడు. బిమల్‌దా గోడకున్న తాజ్‌మహల్ బొమ్మ మీద వాళ్ళమ్మ ఇచ్చిన చక్రాల గుడ్డ కప్పేశాడు. మెడలో వేలాడే పెద్ద కెమెరా, తల వంచి పైనుంచి కిందికి చూసే రకం. ఎవరు వచ్చినా ముందు కెమెరా ముట్టుకునేవాడు కాదు. ఎదురుగా కూర్చుని, అన్నయ్య వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులో ఒకటే అడిగేవాడు. "తమ్ముడూ, నువ్వు ఎలాగ కనపడాల?"

ఆ ప్రశ్న మా ఊళ్ళో కుర్రాళ్ళని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఎలా కనపడాలో నాన్నలు చెప్పేవారు, లేదంటే పాసు మీద ముద్రవేసే బాబు చెప్పేవాడు. అందుకే మొదట వాళ్ళకి నోరు పెగిలేది కాదు. తర్వాత ఒక్కొక్కళ్ళే కోరికలు బయటపెట్టారు. అన్నయ్య స్నేహితుడు దాలినాయుడు, గార్డు గారబ్బాయి, వాళ్ళ మావయ్య బుల్లెట్టు బండిని నలుగురి చేత స్టూడియో మెట్లెక్కించి దాని మీద వాలి పడుకున్నాడు. ఫిట్టరు కొడుకొకడు టేప్‌రికార్డరు భుజానికెత్తుకున్నాడు. ఇంకొకడు ఇంజను డ్రైవరు కళ్ళద్దాలు పెట్టుకుని చొక్కా గుండీలన్నీ విప్పేశాడు. ఒక ఆదివారం అన్నయ్య నన్నూ తీసుకెళ్ళాడు. కోఫీ నా ముందు నేల మీద గొంతుక్కూర్చుని అదే మాట అడిగాడు. "చెల్లీ, నువ్వు ఎలాగ కనపడాల?" నాకు పదమూడేళ్ళుంటాయి. గార్డులాగ కనపడాలన్నాను. ఎవరూ నవ్వలేదు. "అయితే జెండా తెచ్చుకో" అన్నాడు. దాలినాయుడు వాళ్ళ నాన్న పచ్చజెండా తెస్తానని మాటిచ్చాడు. ఆ ఫోటో మాత్రం తీయించుకోలేదు, ఎందుకంటే ఈలోగా మా ఇంట్లో నిప్పు రాజుకుంది.

అన్నయ్య ట్రంకు పెట్టె తీసి ఆ కోటు తీసుకెళ్ళి ఫోటో దిగాడు. ఎండలో పెట్టినన్ని గంటలైనా ఒంటి మీద ఉండదని ఆ కోటు మీద వాడికి జాలి అట. నాతో చెప్పాడు ఆ ముక్క. కోఫీ ఆ ఫోటోని పెద్దది చేసి, ఫ్రేము కట్టి, స్టూడియో ముందు అద్దాల అలమరలో నిలబెట్టాడు. పూరీ గేట్ దాటే ప్రతివాడి కంటా అది పడింది. నాన్నతో ఎవరన్నారో తెలియదు గాని, ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చారు. చేతిసంచీ మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు అన్నయ్యని పిలిచారు. గొంతు పెంచలేదు. పెంచకపోవడం వల్లే నాకు భయమేసింది.

"పూరీ గేట్ కాడ సూసినాను. కోటు నాది. లోపలున్నోడు మాత్రం నా కొడుకు కాడు."

అన్నయ్య తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. వాడు ఎదురు తిరిగి ఏదో అనేస్తే బాగుండును.  లోపలికొచ్చి, కోటు ఎప్పటిలా ధోవతిలో చుట్టి పెట్టెలో పెట్టి, కలరా ఉండలు సర్ది, మూత వేశాడు. పొద్దున్న లేచి చూస్తే వాడి పక్క ఖాళీ.

మొదటిరోజు అమ్మ వాడికీ వండింది. రెండోరోజూ వండింది. తర్వాత వండి, కంచం పెట్టి, పీట వేసి, ఆ పీట ఎదురుగా కూర్చుని తనూ తినడం మానేసింది. ఏ బండి వచ్చినా స్టేషను వైపు చెవి పెట్టేది. "ఏటండీ, ఎతకరా?" అని నాన్నని అడిగితే, "ఆకలేస్తే ఆడే వస్తాడు" అనేవారు. ఆ స్టూడియో గడప ఎవరూ తొక్కకూడదని కట్టడి కూడా చేశారు. తొక్కాలన్నా అది మూసి ఉంది. బిమల్‌దా కంటి ఆపరేషనుకి కలకత్తా వెళ్ళాడు, కోఫీ కాలేజీ వాళ్ళతో ఏవో ఫ్యాక్టరీలు చూడ్డానికి వెళ్ళాడని దాలినాయుడు కనుక్కొచ్చాడు. అన్నయ్య ఎక్కడున్నాడో వాడికీ తెలియదు. అద్దాల అలమర మీద కూడా రేకు తలుపు దించేసి ఉండేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నాన్న మామూలుగా రావాల్సిన వేళ కాకుండా వచ్చారు. ఇంట్లోకి రాలేదు. పెరట్లో కుళాయి దగ్గరే నిలబడి, బట్టలతోనే, తల మీదినుంచి నీళ్ళు గుమ్మరించుకున్నారు. అమ్మ గుమ్మంలోకొచ్చి చూసింది.

"ఏటది, బయట తానం సేస్తన్నారు?"

"వర్క్‌షాపు దుమ్ము."

అకౌంట్సు ఆఫీసులో కాగితాలు తప్ప దుమ్మెక్కడిది. అలా ఇంట్లోకి రాకుండా తలస్నానం చేసేది శవాన్ని చూసొచ్చినవాళ్ళే. అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. అమ్మ పొడి తువ్వాలు తెచ్చి గడప ఇవతల పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. యార్డు దాటాక పట్టాల పక్కన ఎవరో కుర్రాడి శవం దొరికిందనీ, మొహం గుర్తుపట్టేట్టు లేదనీ మర్నాడు స్కూల్లో విన్నాను. ఇంటికొచ్చి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, నాన్న అన్నం కలుపుతూ కలుపుతూ తన అరచెయ్యి తిప్పి చూసుకునేవారు. తను చూసొచ్చిన చెయ్యి అన్నయ్యది కాదని ఆయన రూఢిగా అనుకోలేకపోతున్నారని నాకు అర్థమైంది. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని ఒకరికొకరం కనపడకుండా దాచుకుంటూ తిరిగాం. 

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. రైల్వే ఊళ్ళో అది ఎంత పండగో బయటివాళ్ళకి చెబితే నమ్మరు. ఆ ఒక్కరోజూ వర్క్‌షాపు గేట్లు ఇంటిల్లిపాదికీ తెరుస్తారు. లేతు మిషన్లకి, క్రేన్లకి, ఇంజన్లకి పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండలు వేస్తారు. రిక్షాలకి, సైకిళ్ళకి, దర్జీల మిషన్లకి, మంగలి కత్తెరకి కూడా దండే. నాన్న పూజకని వెళ్ళిపోయాక అమ్మ ఉన్నట్టుండి చీర మార్చుకుంది. "పద, ఆ కొట్టు తీసినారేమో సూద్దాం" అంది. నాన్న కట్టడి గురించి నేను గుర్తు చెయ్యలేదు.

పూరీ గేట్ దగ్గర మైకులు చెవులు చిల్లులు పడేట్టు మోగుతున్నాయి. స్టూడియో తీసే ఉంది. రేకు తలుపు ఎత్తేసి ఉంది. అలమరలో అన్నయ్య ఫోటో ఉంది. దానికి ఈ కొస నుంచి ఆ కొసకి, నిండుగా, తాజా బంతిపూల దండ వేసి ఉంది.

అమ్మ నా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఫోటోకి దండ వేస్తే అర్థమేమిటో మన ఇళ్ళల్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. లోపలినుంచి కోఫీ వచ్చాడు. అమ్మని చూసి మొహం విప్పారింది. రెండు చేతులూ జోడించాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, అతనికి తన తెలుగు మీద మహా గర్వం.

"బాబూ, మా బాచి ఏడి?" అంది అమ్మ. బాచి అంటే మా అన్నయ్యే, భాస్కరరావు.

"అమ్మా, బాచి పోనాడు."

 అతను తనకి వచ్చిన ముక్కలన్నీ కూడదీసుకుని, ఒక్కొక్కటే ఓపిగ్గా చెప్పాడు.

"మెయిలు బండి వచ్చినాది. బాచి పోనాడు. నేను ఉన్నాను, సూసినాను. ఏడవొద్దమ్మా. మంచి జాగాకి పోనాడు."

అమ్మ స్టూడియో మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "నానని పిలు" అని మాత్రం అంది నాతో.

నేను వర్క్‌షాపు దాకా పరిగెత్తాను. నాన్న చెప్పులు విడిచి, చేతిలో ప్రసాదం పళ్ళెంతో నిలబడి ఉన్నారు. "అన్నియ్య ఫోటోకి దండేసినారు" అన్నాను. ఆయన పళ్ళెం పక్కవాళ్ళ చేతికి కాకుండా గాలిలోకి ఇచ్చేశారు, అది కింద పడిన చప్పుడు కూడా వినలేదు. చెప్పులు మరిచిపోయి, బొగ్గుచూర మీద వట్టి కాళ్ళతో నడిచారు. నేను పరిగెడుతూ కూడా ఆయన్ని అందుకోలేకపోయాను. దారిలో ఎవరు ఏమడిగినా ఆగలేదు, అయినా వెనకాల మనుషులు పోగవుతూనే ఉన్నారు.

మేం వెళ్ళేసరికి స్టూడియో ముందు జనం. దాలినాయుడు కోఫీ చొక్కా పట్టుకుని గోడకేసి అదిమాడు. కోఫీ పెదవి చిట్లి నెత్తురొస్తోంది. "సచ్చిపోనోడి ఫోటో అద్దంలో ఎట్టి కొట్టు నడుపుతావా? మాకు సెప్పాలని తెల్దా?" అంటున్నాడు దాలినాయుడు. అతను ఏడుస్తున్నాడు. ఏడుస్తూ కొట్టేవాణ్ణి ఆపడం కష్టం. పక్కన ఇంకెవరి చేతిలోనో పానా ఉంది. పూజలోంచి తెచ్చాడేమో, దానికీ ఓ పువ్వు అతికి ఉంది. ఇంకొక్క మాట తప్పుగా పడితే కోఫీని చంపేస్తారని నాకు తెలిసిపోయింది. మా ఊరివాళ్ళే, రోజూ చూసే మొహాలే, ఒక్కటీ గుర్తు తెలియలేదు.

నాన్న వాళ్ళెవరినీ చూడలేదు. నేరుగా అలమర దగ్గరికి వెళ్ళి అద్దం మీద అరచెయ్యి ఆనించారు. "కోటు నాది" అన్నారు. రెండో మాట నోటికి రాలేదు. వెనక్కి తిరిగి, "బాడీ ఎక్కడుంది?" అని అడిగారు.

"ఏ బాడీ?" అన్నాడు కోఫీ.

అతని మొహం నేను దగ్గరగా చూశాను. అది దొంగ మొహం కాదు, దుఃఖపు మొహం కూడా కాదు. పాఠం అర్థంకాని పిల్లవాడి మొహం. నాకు చప్పున బండి గుర్తొచ్చింది. ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చేవాళ్ళకి మా ఊళ్ళో అందరూ చెప్పే మాటది. బండి పోనాది. అతనికి తెలుగు నేర్పింది రైల్వే కుర్రాళ్ళు. బండికి నేర్పిన మాట మనిషికి వాడకూడదని ఎవరూ చెప్పి ఉండరు. నేను జనం కాళ్ళ మధ్యనుంచి దూరి అతని ముందు నిలబడ్డాను.

"కోఫీ అన్నియ్యా, పోనాడా? ఎల్లిపోనాడా?"

అతను నన్ను చూశాడు, అమ్మని చూశాడు. "రెండూ ఒకటి కాదా చెల్లీ?" అన్నాడు.

దాలినాయుడు చేతులు వాటంతటవే సడలిపోయాయి. నాన్న అప్పుడు ఇంగ్లీషులోకి దిగారు. ఆఫీసు కాగితాలు రాసే ఇంగ్లీషు, ఆయన నోటి వెంట వినడం నాకు అదే మొదటిసారి. నా కొడుకు బతికున్నాడా అని అడిగారు. కోఫీ దిగ్భ్రాంతిగా, బతికే ఉన్నాడు సార్, విశాఖపట్నం వెళ్ళాడు, అక్కడ కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో పనికి, నేనే మెయిలు ఎక్కించాను, నిలదొక్కుకునే దాకా నా అంతట నేను ఎవరికీ చెప్పొద్దన్నాడు, అమ్మ అడిగితే మాత్రం దాచనని నేను ముందే చెప్పాను అన్నాడు. ఆ మాట నాన్న తెలుగులో అమ్మకి చెప్పారు. చెప్పడం సగంలో ఉండగా అమ్మకి ఏడుపొచ్చింది.

దండ సంగతి ఎవరో అడిగారు. కోఫీ మెట్టు మీద కూలబడి, పెదవి చేత్తో నొక్కుకుని ఇంగ్లీషులోనే చెప్పాడు. ఆ పొద్దున్నే ఊళ్ళో దిగాడు. స్టేషను నుంచి నడిచొస్తుంటే ప్రతిదానికీ దండే. మిషన్లకి, సైకిళ్ళకి. మనిషి తన పనిలో దేన్ని గౌరవిస్తే దానికి వేస్తారు కాబోలనుకున్నాడు. కెమెరాకి ఒకటి వేశాడు. తను తీసినవాటిలో అన్నిటికన్నా మంచి ఫోటో ఇది, దీని నకలు వాళ్ళ నాన్నకి పంపించాడు, దీనికెందుకు వేయకూడదు అనుకుని ఇంకొకటి కొన్నాడు. "మా ఊళ్ళో చావుకి ఎర్రబట్ట కడతారు" అన్నాడు. "ఇక్కడ పెళ్ళికూతుళ్ళు ఎర్రచీర కట్టుకుంటే మొదట్లో భయమేసేది. నేను ఎవరినీ అడగలేదు. దండ గురించి కూడా అడిగి ఉండాల్సింది."

అమ్మ లేచింది. కళ్ళు తుడుచుకుని, అలమరలో చెయ్యి పెట్టి, ఫోటోకి ఉన్న దండ తీసింది. దాన్ని రోడ్డు మీద పారేస్తుందనుకున్నాను. తీసుకొచ్చి కోఫీ మెడలో వేసింది.

"బతికున్నోడికైతే మెడలో ఎయ్యాల బాబూ. ఫోటోకి ఎయ్యకూడదు."

చిట్లిన పెదవితో, మెడలో బంతిపూల దండతో అతను కూర్చుని ఉంటే, దాలినాయుడు ఎక్కణ్ణుంచో సోడా తెచ్చి చేతికిచ్చాడు. పానా పట్టుకున్నవాడు దాన్ని వీపు వెనక్కి తిప్పేసుకున్నాడు. నాన్న అలమర ముందు నిలబడి ఫ్రేము బయటికి తీశారు. ఆ ఫోటో ఎవరిదండీ అని జనంలో కొత్తవాళ్ళెవరో అడిగారు. నాన్న ఎవరి వైపూ చూడకుండా చెప్పారు.

"లోపలున్నోడు నా కొడుకు."

ఇంటికి వచ్చాక ఆయనే మేకు కొట్టారు. దేవుడి పటాన్ని పక్కకి జరిపి మరీ కొట్టారు. అన్నయ్య ఏడాది తిరక్కుండా వచ్చేశాడు, వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. జుట్టు అలాగే ఉంది. ఆదివారం మంగలి వస్తే నాన్న లోపలికి వెళ్ళి పేపరు చదువుకునేవారు. క్షమించమని ఆయన ఎన్నడూ అనలేదు, వాడూ అడగలేదు. కోటు మాత్రం ట్రంకు పెట్టెలోకి తిరిగి వెళ్ళలేదు, తలుపు వెనక కొంకీకి వేలాడుతూ ఉండేది, చలికాలం ఎవరికి కావాలంటే వాళ్ళు వేసుకునేవాళ్ళం. కోఫీ చదువు ముగించుకుని వెళ్ళేరోజున స్టేషనుకి అందరం వెళ్ళాం. బండి కదిలాక కిటికీలోంచి, "చెల్లీ, నేను ఎల్లిపోనాను" అని అరిచాడు. ప్లాట్‌ఫారం మీద ఒక్కరికీ నవ్వాగలేదు.

పాతరోజులే గొప్పవని కళ్ళు తుడుచుకునే రకం కాదు నేను. ఆ బొగ్గుపొగకి అమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఆ నాన్నల గద్దింపులకి ఎంతమంది పిల్లల నోళ్ళు మూతపడ్డాయో లెక్కలేదు. ఇప్పుడు నిమ్‌పురాలో పొయ్యిలూ లేవు, ఆవిరి ఇంజన్లూ లేవు. పూరీ గేట్ దగ్గర టోటోలనే బ్యాటరీ రిక్షాలు చప్పుడు లేకుండా మీదికి వస్తాయి. బిమల్‌దా స్టూడియో ఉన్నచోట ఫోన్ల కొట్టు. మా అన్నయ్య కొడుకు చిన్నా తన ఫోటోలు రోజుకి ఎన్ని తీసుకుంటాడో వాడికే తెలియదు, వాటిలో ఒక్కటి చూసి కూడా ఇంట్లో ఎవరికీ కోపం రాదు. అందుకు సంతోషమే. కాని మేం ఒక్క ఫోటో కోసం ఇల్లంతా కాలబెట్టుకున్నవాళ్ళం. ఎలా కనపడాలని ఉందో ఒకరు అడిగితే తప్ప చెప్పడం రానివాళ్ళం. ఆ అడిగినవాడి పెదవి మీద ఒక సన్నటి గీత అలాగే ఉండిపోయింది.

చిన్నాయే ఫోన్లో వెతికి కోఫీని పట్టుకున్నాడు. వాళ్ళ నాన్న స్టూడియోనే నడుపుతున్నాడట. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం అన్నయ్యా ఆయనా మాట్లాడుకునేవారు. నేను ఈమధ్య ఖరగ్‌పూర్ వెళ్ళింది అన్నయ్య కోసమే. గుండెపోటు, ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. అమ్మా నాన్నా పోయి ఏళ్ళయింది కాబట్టి బతికిపోయారు. కర్మకాండకి ఫోటో కావాలంటే, ఉన్న వేల ఫోటోల్లో ఒక్కటీ ఎవరికీ వాడిలా కనపడలేదు. గోడ మీదిదే దించాను. పీట మీద పెట్టాను. చిన్నా పూరీ గేట్ నుంచి ఆకుపొట్లంలో దండ తెచ్చాడు. దాన్ని విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. "అత్తయ్య ఒప్పుకోదేమో" అంది మా వదిన, అమ్మ పక్కగదిలో ఉన్నట్టు. పొట్లం అలాగే పడి ఉంది.

అప్పుడు అన్నయ్య ఫోను మోగింది. శుక్రవారమని ఎవరికీ గుర్తు లేదు. తెర మీద కాఫీ దాదా అని పేరు. నేనే తీశాను. తెల్లజుట్టు, అదే గీత పెదవి మీద, వెనక గోడ మీద మా అన్నయ్య ఫోటో నకలు. నన్ను చూసి నవ్వాడు.

"చెల్లీ, నువ్వెప్పుడు వచ్చినావు? బాచి ఏడి?"

"పోనాడు, కోఫీ అన్నియ్యా."

ఆయన నవ్వు మొహం మీద అలాగే కాసేపు ఉంది. తర్వాత కళ్ళద్దాలు తీసి, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా పలుకుతూ అడిగాడు.

"పోనాడా? ఎల్లిపోనాడా?"

 ఫోను చిన్నా చేతికిచ్చి, ఆకుపొట్లం విప్పి, దండ తీసి ఫోటోకి వేశాను. అటువైపు నుంచి ఆయన చూస్తున్నాడు.